మద్దెల ఓడైనప్పుడు

మా వీధి చివరి ఇంట్లో ఒక మాస్టారు ఉంటారు. ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నేటికీ నోటి లెక్కలలో ఆయనను మించినవారు మా పేటలో లేరు. 2023లో ఆయన ఇంట్లోని పాత బీరువాను అమ్మదలచి ప్రకటన ఇచ్చారు. కొంటానంటూ ఎవరో ఫోను చేశాడు. "బయానా పంపిస్తున్నాను సార్! మీ ఫోనులో వచ్చినదానిని ఒప్పుకుని మీ పిన్ నంబరు నొక్కండి, డబ్బు జమ అవుతుంది" అన్నాడు. మాస్టారు అలాగే చేశారు. జమ కావలసిన చోట ఖర్చు పడింది. ఖాతాలోని డబ్బు పోయింది.

పరామర్శకు వెళ్లిన నాతో ఆయన అన్న మాట ఇది: "ఎవరిని అని ఏం లాభం బాబూ! తప్పు నాదే. ఈ కాలపు యంత్రాలకు నేను పనికిరాను."

ఆనాటి నుంచి ఆయన ఫోనుతో చెల్లింపులు మానివేశారు. కరెంటు బిల్లు కట్టాలన్నా మనవరాలు కళాశాల నుంచి తిరిగి వచ్చేదాకా ఎదురుచూస్తారు. పోయిన సొమ్ము కంటె ఆయన అన్న ఆ ఆఖరి వాక్యమే నన్ను ఎక్కువగా బాధించింది. వేలాది పిల్లలకు బీజగణితం నేర్పిన మనిషి అరచేతిలో ఇమిడే ఒక పరికరం ముందు తనను తాను మూర్ఖుడని తీర్మానించుకోవడమా?

'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు మన పెద్దలు. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవాణ్ణి ఎగతాళి చేసే సామెత ఇది. మంచి సామెతే. కాని దీనిని మనం ఎంతగా జీర్ణించుకున్నామంటే, మద్దెల నిజంగానే ఓడైన సందర్భంలో కూడా తప్పు మన కాళ్లదేనని నమ్ముతున్నాం. ఈ నెల ఆ ఓటి మద్దెలల గురించి, వాటితోపాటు చక్కగా పలికే మద్దెలల గురించి కొంత ముచ్చటించుకుందాం.

వంటింటితోనే మొదలు పెడదాం. నాలుగు బర్నర్ల గ్యాసు పొయ్యిని చూడండి. బర్నర్లు చతురస్రంగా, ముందు రెండు, వెనుక రెండు అమరి ఉంటాయి. వాటిని వెలిగించే నాబ్‌లు మాత్రం నాలుగూ ఒకే వరుసలో ఉంటాయి. ఎడమ వైపు రెండు నాబ్‌లలో ఏది ముందు బర్నరుది, ఏది వెనుకదానిది? ఏళ్ల తరబడి అదే పొయ్యి మీద వండుతున్న ఇల్లాలు సైతం ఒక్కొక్కప్పుడు పాల గిన్నె కింద మంట తగ్గించబోయి పప్పు కింద మంట తగ్గిస్తుంది. పాలు పొంగుతాయి. "నా మతి మండ!" అని తనను తానే తిట్టుకుంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆల్ఫాన్స్ చపానిస్, ఆయన సహచరుడు లిండెన్‌బామ్ 1959లో ఈ సమస్యనే పరీక్షించారు. నాబ్‌ల వరుసను అలాగే ఉంచి, వెనుక బర్నర్లను ముందువాటికి సరిగ్గా వెనుక కాకుండా కొంచెం పక్కకు జరిపి పెట్టారు. అప్పుడు నాలుగు బర్నర్లు ఎడమ నుంచి కుడికి ఏ క్రమంలో కనిపిస్తాయో నాబ్‌లూ అదే క్రమంలో ఉంటాయి. ఆ అమరికలో పరీక్షకు కూర్చున్నవారు ఒక్క పొరపాటు కూడా చేయలేదు. తక్కిన అమరికలలో మాత్రం అటువంటివారే పదే పదే తడబడ్డారు. కనుక మతిని మండించవలసిన అవసరం లేదు. బర్నర్లను బెత్తెడు జరిపితే చాలు.

మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే మీటలు, దీపాలు, బొత్తాలు, తెరలు, వాటి మీది అక్షరాలు అన్నింటినీ కలిపి ఇంగ్లీషులో యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారు. యంత్రానికి అది ముఖం వంటిది. లోపల ఎంత శక్తి ఉన్నా, ఎంత విద్య ఉన్నా, మనతో మాట్లాడేది ఆ ముఖమే. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా పండితుడు 1988లో 'సైకాలజీ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్' అనే గ్రంథంలో తలుపులను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని వివరించాడు. తలుపుకు పట్టుకునే పిడి ఉంటే మన చేయి దానిని లాగుతుంది. చదునైన రేకు ఉంటే నెడుతుంది. ఇది ఎవరూ నేర్పవలసిన పని లేదు. పిడి పెట్టి, దాని పైన 'నెట్టుము' అని బోర్డు తగిలించిన తలుపు తన లోపాన్ని తానే చాటుకుంటున్నదన్నమాట. తెరవడానికి వ్రాతపూర్వకమైన సూచన అవసరమైన తలుపును ఏమనాలి?

తలుపు దగ్గర తడబడితే నలుగురు నవ్వుతారు, అంతే. అదే తడబాటు విమానంలో జరిగితే?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళానికి ఒక వింత సమస్య ఎదురైంది. బి-17 బాంబరు విమానాలు క్షేమంగా నేలకు దిగిన తరువాత, రన్‌వే మీద పరుగెత్తుతూ ఉండగానే, కొందరు పైలట్లు చక్రాలను పైకి ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. శత్రువుల తుపాకులను తప్పించుకుని వచ్చిన వీరులు సొంత గడ్డ మీద ఇలా ఎందుకు చేస్తున్నారు? 'పైలట్ పొరపాటు' అని నివేదికలు వ్రాశారు. యువకుడైన చపానిస్‌ను ఈ విషయం పరిశీలించమన్నారు. ఆయన పైలట్ల బుర్రలను పరీక్షించడం కంటె ముందు విమానం లోపలికి వెళ్లి చూశాడు. రెక్కల వెనుక ఉండే ఫ్లాపులను కదిలించే మీట, చక్రాలను ముడిచే మీట పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే ఆకారంలో ఉన్నాయి. దిగిన తరువాత ఫ్లాపులను సర్దవలసిన పైలట్ అలసటలో పక్క మీటను కదిలిస్తున్నాడు. ఈ మీటలు ఇలా లేని సి-47 రవాణా విమానాలలో అటువంటి ప్రమాదాలు జరగడం లేదు.

చపానిస్ చెప్పిన పరిష్కారం పసిపిల్లలు కూడా మెచ్చుకునేంత సులువైనది. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారం గల ముక్కను తగిలించమన్నాడు. చీకటిలోనైనా, కన్ను మరోవైపు ఉన్నా, ఏ మీట ఏదో వేళ్లే చెబుతాయి. ఆ ప్రమాదాలు ఆగిపోయాయి. నేటి ప్రయాణిక విమానాలలో సైతం చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడే ఉంటుంది. పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే పరిశోధకులు 'పైలట్ పొరపాటు' అనిపించుకున్న 460 అనుభవాలను సేకరించి, 1947లో విశ్లేషించి చూపారు. వాటిలో ఎన్నో పొరపాట్లకు బీజాలు పరికరాల అమరికలోనే ఉన్నాయని తేలింది.

యంత్రం ముఖానికి ఉండవలసిన మొదటి గుణం, చూడగానే లేదా తాకగానే ఏది ఏమిటో తెలియడం. రెండవది సత్యం. చేసిన పని జరిగిందో లేదో యంత్రం నిజం చెప్పాలి. ఈ రెండవ గుణం లోపిస్తే ఏమవుతుందో 1979 మార్చి 28న లోకానికి తెలిసివచ్చింది.

ఆనాటి తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్కేంద్రంలో నీటి పంపులు ఆగిపోయాయి. రెండవ రియాక్టరులో ఒత్తిడి పెరిగింది. ఆ ఒత్తిడిని తగ్గించడానికి ఒక వాల్వు తనంతట తాను తెరుచుకుంది. కొద్ది సెకన్లలో తిరిగి మూసుకోవలసిన ఆ వాల్వు మూసుకోలేదు. రియాక్టరును చల్లబరచవలసిన నీరు దాని గుండా బయటికి పోసాగింది. నియంత్రణ గదిలో ఆ వాల్వుకు ఒక దీపం ఉంది. అది ఆరిపోయింది. దీపం ఆరింది కనుక వాల్వు మూసుకుందని అక్కడి ఉద్యోగులు భావించారు. నిజానికి ఆ దీపం చెప్పేది 'మూసుకోమని ఆజ్ఞ వెళ్లింది' అని మాత్రమే. వాల్వు నిజంగా మూసుకుందా అన్నది దానికి తెలియదు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేశాం గనుక చేరవలసినవారికి చేరిందని నమ్మడం వంటిదే ఇది.

కొద్ది నిమిషాలలోనే నూరుకు పైగా హెచ్చరిక గంటలు, దీపాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఏది ముఖ్యమో, ఏది కాదో తెలియని గందరగోళం. హెచ్చరికలను కాగితం మీద అచ్చు వేయవలసిన యంత్రం ఆ తాకిడికి గంటకు పైగా వెనుకబడిపోయింది. వాల్వు తెరుచుకునే ఉందని గ్రహించి, దాని దారిలో ఉన్న మరొక వాల్వును మూసేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పటికే నష్టం జరిగిపోయింది. రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. అధ్యక్షుడు నియమించిన విచారణ సంఘానికి గణితవేత్త జాన్ కెమెనీ అధ్యక్షత వహించాడు. కంప్యూటరును సామాన్య విద్యార్థులకు అందుబాటులోకి తేవాలని 1964లో బేసిక్ భాషను రూపొందించిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఉద్యోగుల పొరపాట్లను ఆ సంఘం కప్పిపుచ్చలేదు. కాని వారికి ఇచ్చిన శిక్షణనూ, వారి ముందుంచిన నియంత్రణ గదినీ కూడా తప్పు పట్టింది.

ఈ పాఠాన్ని నేడు చిన్న రూపంలో మనం రోజూ చూస్తున్నాం. వాట్సాప్‌లో పంపిన సందేశం పక్కన ఒక టిక్కు పడితే అది మన నుంచి వెళ్లిందని అర్థం. రెండు టిక్కులు పడితే అవతలి ఫోనుకు చేరిందని అర్థం. 'వెళ్లింది', 'చేరింది' అన్న రెండు సంగతులకు రెండు గుర్తులు. త్రీ మైల్ ఐలండ్ దీపానికి లేనిది ఈ వివేకమే.

ఇక ప్రజాస్వామ్యానికి వద్దాం. 2000 నవంబరు 7న అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో వృద్ధుల సౌకర్యార్థం పేర్లను పెద్ద అక్షరాలలో అచ్చు వేయదలచారు. పేర్లు ఒక పేజీలో పట్టక, తెరిచిన పుస్తకంలా రెండు పేజీల మీదికి వచ్చాయి. ఓటు వేయడానికి పొడిచే రంధ్రాలు మాత్రం నడుమ ఒకే వరుసలో ఉన్నాయి. ఎడమ పేజీలో మొదటి పేరు జార్జి బుష్, రెండవ పేరు ఆల్ గోర్. కాని రెండవ రంధ్రం గోర్‌ది కాదు, కుడి పేజీలో మొదట ఉన్న పాట్రిక్ బుకానన్‌ది. గోర్‌ది మూడవ రంధ్రం. ఫలితంగా ఆ కౌంటీలో బుకానన్‌కు ఎవరూ ఊహించని విధంగా 3,400కు పైగా ఓట్లు వచ్చాయి. రెండేసి రంధ్రాలు పొడిచినందువల్ల చెల్లకుండా పోయిన ఓట్లు 19,000 పైచిలుకు. రాష్ట్రం మొత్తం మీద గోర్ ఓడిపోయింది 537 ఓట్ల తేడాతో. ఆ రాష్ట్రమే అధ్యక్షుణ్ణి నిర్ణయించింది.

ఇక్కడ గమనించదగినది, ఆ ఓటుపత్రాన్ని రూపొందించినవారి ఉద్దేశం మంచిదే. ముసలివారికి మేలు చేయాలనే సంకల్పించారు. కాని సత్సంకల్పం ఒక్కటే చాలదు. పదిమంది వృద్ధుల చేతికి ఆ పత్రం ముందుగా ఇచ్చి, 'మీకు నచ్చినవారికి ఓటు వేయండి' అని పక్కన నిలబడి చూసి ఉంటే, దోషం అరగంటలో బయటపడి ఉండేది.

దీని పక్కన మన దేశాన్ని నిలిపి చూద్దాం. 1951 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. పేరు చదవలేని కోట్లాది ప్రజలు ఓటు వేయడం ఎలా? 1951-52 సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచి, దాని మీద అతని గుర్తును అంటించారు. ఓటరు తన కాగితాన్ని తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే సరిపోయేది. కలం పట్టవలసిన పని లేదు, అక్షరం చదవవలసిన పని లేదు. ప్రజలు చదువుకున్నాకనే ఓటు ఇద్దామని ఆనాటి పెద్దలు అనలేదు. ప్రజలు ఉన్నది ఉన్నట్లుగా ఓటు వేయగల పద్ధతిని వెతికారు.

ఆ సంప్రదాయమే ఓటింగు యంత్రంలోనూ కనిపిస్తుంది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో కొన్ని పోలింగు కేంద్రాలలో దీనిని మొదటిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా వ్యాపించింది. దీనిని తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., రెండవది బెంగుళూరులోని బి.ఇ.ఎల్. ఆ యంత్రం ముఖాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోండి. ఒక పేరు, దాని సరసనే గుర్తు, దాని సరసనే నీలం బొత్తం. అన్నీ ఒకే గీత మీద. బొత్తం నొక్కితే ఆ గుర్తు పక్కనే ఎర్ర దీపం వెలుగుతుంది, పొడవైన 'బీప్' శబ్దం వినిపిస్తుంది. కన్ను, చెవి, వేలు మూడింటికీ సమాధానం దొరుకుతుంది. చూపు లేనివారి కోసం బ్రెయిలీ అంకెలు ఉన్నాయి. తరువాత చేర్చిన వీవీప్యాట్ యంత్రంలో, ఓటు పడిన గుర్తు గల కాగితం ఏడు సెకన్లపాటు అద్దం వెనుక కనిపిస్తుంది. ఓటింగు యంత్రాలపై జరిగే రాజకీయ వాదోపవాదాలు వేరే విషయం. ఎనభై ఏళ్ల అవ్వ లోపలికి వెళ్లి, ఎవరినీ అడగకుండా, తన పని తాను చేసుకుని బయటికి రాగలగడం సామాన్యమైన సంగతి కాదు.

మంచి రూపకల్పన మన మతిమరుపును కూడా ముందే ఊహిస్తుంది. బ్యాంకు నగదు యంత్రాన్నే తీసుకోండి. ప్రపంచంలో మొదటి నగదు యంత్రంగా పేరు పొందినది 1967 జూన్ 27న లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో పని ప్రారంభించింది. దానిని రూపొందించిన జాన్ షెపర్డ్-బారన్ పుట్టింది మన షిల్లాంగులోనే. రహస్యసంఖ్యకు ఆరు అంకెలు ఉండాలని తాను అనుకున్నాననీ, నాలుగు అంకెల కంటె ఎక్కువ తనకు గుర్తుండవని భార్య వంటింటి బల్ల దగ్గర అన్నందున నాలుగుకు తగ్గించాననీ ఆయన చెప్పుకున్నాడు. ఇంజనీరు తన లెక్కను పక్కన పెట్టి ఇల్లాలి మాట విన్న శుభఘడియ అది. ఇక నగదు ముందిచ్చి కార్డు తరువాత ఇచ్చే యంత్రాల దగ్గర జనం డబ్బు తీసుకుని కార్డు మరచిపోయేవారు. వచ్చిన పని డబ్బు కోసం కనుక, డబ్బు చేతికి రాగానే మనసు ఇంటిదారి పడుతుంది. 'కార్డు మరువకండి' అని ఎన్ని బోర్డులు పెట్టినా ఫలితం అంతంతమాత్రమే. కార్డు తీసుకుంటేగాని డబ్బు రాదు అనేలా క్రమం మార్చగానే ఆ బాధ తప్పింది. మనిషి స్వభావాన్ని ఉపదేశంతో మార్చడం కంటె పని వరుసను మార్చడం తేలిక.

మూడవ గుణం క్షమ. పొరపాటు జరిగినా వెనుకకు రాగలిగే దారి యంత్రం చూపాలి. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవుల ప్రజల ఫోన్లకు 'క్షిపణి దాడి జరగబోతున్నది, ఆశ్రయం పొందండి, ఇది అభ్యాసం కాదు' అనే అర్థంలో ప్రభుత్వ హెచ్చరిక వచ్చింది. దాడి లేదు, ఏమీ లేదు. ఒక ఉద్యోగి అభ్యాసాన్ని నిజమని పొరబడ్డాడు. హెచ్చరిక పంపడానికి సర్వం సిద్ధంగా ఉంది కాని, 'అది తప్పుడు హెచ్చరిక' అని చెప్పడానికి ఏ ఏర్పాటూ సిద్ధంగా లేదు. ఆ మాట ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ సేపంతా తల్లులు పిల్లలను గుండెలకు హత్తుకుని కూర్చున్నారు.

ఇప్పుడు మా మాస్టారి దగ్గరికి తిరిగి వెళ్దాం. ఆయనను మోసగించినవాడు దొంగ. ఆ పాపం వాడిదే, సందేహం లేదు. కాని దొంగకు ఏ సందు దొరికింది? ఫోను చెల్లింపులలో డబ్బు పంపడమే కాక, ఎదుటివారిని డబ్బు 'కోరే' సదుపాయం కూడా ఉండేది. కోరేవాడు దానితోపాటు తనకు తోచిన మాట వ్రాసుకోవచ్చు. వాడు 'మీకు డబ్బు వస్తున్నది' అని వ్రాశాడు. డబ్బు రావడమూ, పోవడమూ పూర్తిగా విరుద్ధమైన పనులు. కుండలో నీళ్లు పోయడం, కుండలో నీళ్లు ఒలకబోయడం రెండింటికీ ఒకేలాంటి సంజ్ఞ ఉంటే దాహంతో ఉన్నవాడు ఏం చేస్తాడు? ఇటువంటి మోసాలు పెరిగిన మీదట, వ్యక్తుల మధ్య డబ్బు 'కోరే' ఆ సదుపాయాన్ని 2025లో దేశమంతటా నిలిపివేశారు. దొంగలను పట్టుకోవడంతోపాటు గోడలోని కన్నాన్ని కూడా పూడ్చవచ్చునని అధికారులే ఒప్పుకున్నట్లయింది.

ఈ సంగతులన్నీ ఒక సాయంకాలం మాస్టారికి వివరంగా చెప్పాను. విమానం మీటల కథ, ఫ్లోరిడా ఓటుపత్రం కథ శ్రద్ధగా విన్నారు. కొంతసేపు మౌనంగా ఉండి, "నేను పరీక్షపత్రాలు దిద్దేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను బాబూ" అన్నారు. "ఒక లెక్కను ఒక్క కుర్రవాడు తప్పు చేస్తే వాడికి సరిగా రాలేదనుకునేవాణ్ణి. తరగతిలో సగం మంది అదే తప్పు చేస్తే, ఆ ప్రశ్న నేనే సరిగా వ్రాయలేదని అందరికీ మార్కులు వేసేవాణ్ణి."

ఇంతకంటె గొప్ప సూత్రాన్ని ఏ గ్రంథంలోనూ నేను చదవలేదు. యంత్రాలు తయారుచేసేవారు, బ్యాంకు తెరలు రూపొందించేవారు, దరఖాస్తు ఫారాలు వ్రాసే కార్యాలయాలవారు ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు. మనవంతుగా మనం చేయవలసినదీ కొంత ఉంది. ఒక పరికరం దగ్గర తడబడినప్పుడు సిగ్గుపడి ఊరుకోవద్దు. తప్పు ఎక్కడ దొర్లిందో గుర్తు పెట్టుకుని, సంబంధించినవారికి వ్రాయండి. ఇంట్లో పెద్దలు తడబడితే ఫోను లాక్కుని పని ముగించకండి. 'ఇక్కడ మీకు ఏమని అర్థమైంది?' అని అడగండి. వారి జవాబులో ఆ యంత్రం లోపం తెలిసిపోతుంది.

'డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి' అని ఒక కాగితం మీద వ్రాసి, మనవరాలు దానిని మాస్టారి ఫోను వెనుక అంటించింది. పోయిన వారం కిరాణా దుకాణంలో కనిపించారు. పెసరపప్పు, బెల్లం కొని, కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని ఒకసారి తిప్పి చూసి, తామే చెల్లించారు. దుకాణంలోని పెట్టె 'నలభై ఎనిమిది రూపాయలు వచ్చాయి' అని తెలుగులో పలికింది. మాస్టారు నా వైపు తిరిగి, "మద్దెల బాగానే పలుకుతోందోయ్" అన్నారు.